చదరంగపు బల్ల – పొరుగువాని భారము

ధ్యాన భాగము: గలతీయులకు 6:2



చదరంగము ఓర్పును నేర్పు ఆట. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపి, 2024 డిసెంబరులో న్యూయార్కునందు జరిగిన ప్రపంచ ర్యాపిడ్ పోటీలో మొదటి ఆటనే ఓడిపోయెను. అయినను ఆమె బల్ల విడిచి పోలేదు. 11 ఆటలలో 8.5 పాయింట్లు సంపాదించి జగజ్జేత ఆయెను. మొదటి ఓటమి కడపటి తీర్పు కాదు.

సిరిసిల్లలో సాంచె ఆగి అప్పులపాలైన వాడును, జగిత్యాల, కోరుట్లల నుండి గల్ఫునకు పోయి వట్టి చేతులతో తిరిగివచ్చిన వాడును ఈ మాట వినవలెను. ఆటలో "ఓడితిని" అని లేచిపోవచ్చును. దేవుడిచ్చిన ప్రాణమును అట్లు విడువరాదు. అట్టి తలంపు కలిగినవాడు దానిని దాచుకొనక తనవారితో చెప్పుకొనవలెను.

అయితే ఆటకును సంఘమునకును ఒక భేదము గలదు. పోటీలో ఆడువానికి ప్రక్కవాడు ఎత్తు చెప్పరాదు, అది నియమము. పొరుగువాడు చిక్కుపడినప్పుడు మనము నోరు మూసుకొని చూచుట నియమము కాదు, పాపము. "అతని అప్పు, అతని తిప్పలు" అని ఊరకుండకుడి. ఈ వారమే అతని గడప త్రొక్కుడి. అప్పు ఎంతో నెమ్మదిగా అడుగుడి. అప్పిచ్చినవానియొద్ద గడువు కోరుటకు అతనితో కూడ నడువుడి. ఇంట పొయ్యి వెలిగినదో లేదో ఆ ఇల్లాలిని అడుగుడి.

దిగులుతో ఒంటరిగా కూర్చున్నవానికి తరువాతి ఎత్తు కనబడదు. ప్రక్కన మనిషి యుండిన కనబడును. అట్లు ప్రక్కన కూర్చుండు మనస్సును ప్రభువు మనకు దయచేయును గాక. ఆమెన్.