ధనాగారముపై పరదేశి

శంషాబాదు విమానాశ్రయమునుండి వెళ్లిన మన బిడ్డలు పరదేశములలో గొప్ప పదవులు పొందినప్పుడు సంతోషించుచున్నాము. మరి పరదేశి మన ధనమునకు అధికారియైన ఓర్చుకొందుమా? 1694లో స్థాపింపబడిన ఇంగ్లండు బ్యాంకు 2013లో మొట్టమొదటిసారి ఒక విదేశీయుని, కెనడాలో పుట్టిన అర్థశాస్త్రవేత్త మార్క్ కార్నీని, గవర్నరుగా నియమించుకొనెను. ఆయన 2020 వరకు ఆ పదవిలో ఉండెను.

ఫరోయు హెబ్రీయుడైన యోసేపునకు ఐగుప్తు ధాన్యమును అప్పగించెను (ఆది. 41). కరవులో ప్రాణములు నిలిచెను. అయితే 47వ అధ్యాయమును కూడ చదువుడి. ఆ ధాన్యముకొరకే జనులు పశువులను, పొలములను ఇచ్చివేసి ఫరోకు దాసులైరి. కాబట్టి నేర్పు ఒక్కటే చాలదు. వడ్డీ పెరిగిన అప్పుపడిన రైతు, ధరలు పెరిగిన కూలివాడు నలిగిపోవుదురు. అధికారి ఎక్కడ పుట్టెనని కాదు, వీరి బాధ ఎరుగునా అని అడుగుదము.