ఫోటోలో లేనివాళ్లు

టాంజానియాలో తీసిన ఫోటోలు చూసీ చూసీ, నాకు గుర్తున్నది ఏదో, ఫోటో గుర్తు చేసింది ఏదో విడదీయడం కష్టమైపోయింది. న్గొరొంగొరో అగ్నిపర్వత బిలం అంచు నుంచి చూస్తే ఆరువందల మీటర్ల లోతున ఉప్పు సరస్సు, ఒడ్డున గులాబీ గీతలా ఫ్లెమింగోలు. ఇది ఫోటోలోనూ ఉంది. పొద్దుటి చలి, జీపు డీజిల్ వాసన మాత్రం లేవు. అవి కచ్చితంగా నావే.

సఫారీ అంటే స్వాహిలీలో ప్రయాణం, అంతే. దానికి తుపాకీ తగిలించింది వేటగాళ్లు. తూర్పు ఆఫ్రికాలో ఆ తుపాకీ చోటులోకి కెమెరా వచ్చిందని సుసాన్ సొంటాగ్ 1977లోనే రాసింది. ఆ పోలిక నాకు సగమే నచ్చుతుంది. కెమెరా జంతువును చంపదు. మనుషుల్ని చట్రం బయటికి నెడుతుంది.

గొడుగు విప్పినట్టున్న తుమ్మచెట్టు, వెనక వైల్డ్‌బీస్ట్ మంద, కనుచూపుమేర ఎవరూ లేని గడ్డి. సెరెంగెటి 1951లో జాతీయ పార్కు అయింది. 1959లో బ్రిటిష్ పాలకులు అక్కడి మసాయిలను ఖాళీ చేయించి న్గొరొంగొరో వైపు పంపారు. 'సెరెంగెటి చావకూడదు' అన్న గ్రిజిమెక్ సినిమా వచ్చిందీ ఆ ఏడాదే. దానికి ఆస్కార్ కూడా దక్కింది. 2022 జూన్‌లో లోలియోండోలో 1,500 చదరపు కిలోమీటర్లకు హద్దురాళ్లు పాతినప్పుడు మళ్లీ అదే కథ. పోలీసు కాల్పులు, సరిహద్దు దాటి కెన్యాకు పారిపోయిన మసాయిలు.

మసాయిల్లో ఇల్లు కట్టేది స్త్రీ. కొమ్మలు అల్లి, పేడా మట్టీ మెత్తి, చిల్లు పడితే మళ్లీ పూడ్చేదీ ఆమే. "ఖాళీ చేయించారు" అన్న ఒక్క మాట కింద ఎవరి చాకిరీ కూలిందో వేరే చెప్పాలా? పర్యాటకుల ఫోటోల్లో ఆమె పూసల హారాలతో కనిపిస్తుంది, మేస్త్రీగా కనిపించదు.

మరి జంతువులకు చోటు అక్కర్లేదా అంటారు స్నేహితులు. కావాలి. పదిలక్షలకు పైగా వైల్డ్‌బీస్ట్ ఏటా గడ్డి కోసం తిరిగే దారి మూసుకుపోతే నాకూ దిగులే. కానీ మసాయిలు ఆవుల్ని మేపుకుంటూ ఆ మందల పక్కనే బతికినవాళ్లు, అడవి మాంసం తినడం వాళ్ల సంప్రదాయం కాదు. నన్ను పీడించే ప్రశ్న వేరే ఉంది. ఇంకొకరిని లేకుండా చేసిన అందాన్ని నా జ్ఞాపకంగా దాచుకోవచ్చా?

దాచుకోవచ్చనే అనుకుంటాను, చరిత్రతో సహా. మన ఇళ్లల్లో ఆల్బమ్ సర్దేది, ఫోటో కింద పేర్లు రాసేది చాలావరకు ఆడవాళ్లమే. (అదీ చాకిరీయే, కానీ అందులో కాస్త అధికారం ఉంది.) తుమ్మచెట్టు ఫోటో కింద "సెరెంగెటి, సాయంత్రం" అని ఉండేది. పక్కన 1959 అని చేర్చాను. మా మనవరాలు ఆ అంకె చూసి, "అప్పటికి నువ్వు పుట్టావా అమ్మమ్మా?" అని అడిగింది.