దానము, వేతనము, ఋణము

రాజమహేంద్రవరమున కోటిలింగాల రేవులో స్నానమాడి మెట్లెక్కి వచ్చువారు, అన్నవరము కొండపై వ్రతము ముగించుకొని ప్రసాదముతో దిగివచ్చువారు, దారికి ఇరుప్రక్కల కూర్చున్న అంధుల యెదుట, కాళ్లు లేనివారి యెదుట చిల్లర నాణెములు వదలి సాగిపోవుట మనమందరము చిన్ననాటినుండి చూచుచున్నదే. ఇచ్చువాడు నిలువడు, పుచ్చుకొనువాని పేరడుగడు. అయినను ఇల్లు చేరులోపల, నేడు కొంత పుణ్యము చేకూరినదను తృప్తి అతని మనస్సున నిలుచును. ఆ తృప్తిని నేను తేలికగా చూచువాడను కాను. కఠినమైన లోకమున అంతమాత్రపు ఆర్ద్రతయైనను మిగిలియుండుట మేలే. కాని ఆ పుణ్యము ఎవరి అవస్థను ఆధారముగా చేసికొని ఎవరికి చేకూరుచున్నదన్నది విచారింపదగిన ప్రశ్న. దానిని నాకు అందఱికంటె సూటిగా వేసినది నా శిష్యురాలైన ఒక బి.కాం. విద్యార్థిని.

ఆంధ్రప్రదేశమున నేడు డిగ్రీ చదువువారికి ఇంటర్న్‌షిప్పు పాఠ్యక్రమములో భాగము. తోటివారు బ్యాంకులకును మోటారుబండ్ల షోరూములకును పోగా, ఈమె పట్టణపు శివారున రేకుల షెడ్డులో నడచుచున్న ఒక చిన్న సంస్థను కోరి ఎంచుకొనెను. అందు గుడ్డసంచులు, ఆఫీసు ఫైళ్లు, కవర్లు తయారగును. పనివారిలో అధికులు అంధులు, బధిరులు, పోలియోవలన కాళ్లు పడిపోయినవారు. వచ్చిన లాభము ఎవరును పంచుకొనక తిరిగి పనిలోనే పెట్టుదురు గాని, సరుకు మాత్రము బజారు ధరకే, బజారు నాణ్యముతోనే అమ్మవలెనన్నది అచ్చటి నియమము. అట్టను మడుచుటకు గీత కనబడనివారికై చెక్క అచ్చులో వ్రేలికి తగులునట్లు గాడి చెక్కియుంచిరి. తూకమును పలికి చెప్పు త్రాసు కలదు. భోజనవేళకు గంటతోపాటు వినబడనివారికొఱకు ఒక ఎఱ్ఱదీపము వెలిగి ఆరును. కత్తిరింపుబల్లలు చక్రాల కుర్చీలో కూర్చున్నవారి చేతికి అందునంత ఎత్తుననే యుండును. లెక్కలు వ్రాయు యువకునకు చూపు లేదు. కంప్యూటరు తెరపై నున్నదానిని చదివి వినిపించు ఎన్‌.వి.డి.ఏ. అను ఉచిత ప్రోగ్రాము చెవిలో పలుకుచుండగా అతడు బిల్లులు చేయు వేగమును తాను అందుకొనలేకపోతినని ఆమె దినచర్యలో వ్రాసికొన్నది. ఈ చిన్న ఏర్పాట్లను ఇంత వివరముగా చెప్పుటకు కారణము కలదు. సమదర్శనమును గూర్చి మాటాడునపుడు ఇవియే నాకు భాష్యము కానున్నవి.

ఒకనాడు పెండ్లి తాంబూలములకు సంచులు చేయించుకొన్న గృహస్థుడొకడు సరుకు తీసికొని పోవుటకు వచ్చెను. కట్ట విప్పి చూపబోగా వారించి, "పాపం, వాళ్లు చేసినవి కదమ్మా, ఎలా ఉన్నా ఫరవాలేదు" అని, బిల్లుకు పైన మఱికొంత సొమ్ము బల్లమీద నుంచి, చేతులు జోడించి వెడలిపోయెను. అతడు సజ్జనుడనుటలో సందేహము లేదు. ఆ బాలిక సంతోషముతో లోనికి పోయి, సంచులకు కాడలు అమర్చిన అంధుడైన పెద్దపనివానికి ఈ వార్త చెప్పెను.

"కాడలు లాగి చూశారామ్మా?" అని అతడు అడిగెను.

"లేదు బాబాయ్, కట్ట విప్పనే లేదు."

అతడు కొంతసేపు చేతిలోని పని ఆపి, "మరి ఎక్కువ ఇచ్చింది దేనికి?" అనెను.

ఆ ప్రశ్నను ఆమె నాయొద్దకు తెచ్చినది. "మాస్టారూ, ఆయన మంచి మనసుతోనే ఇచ్చారు. బాబాయి బాధపడటం కూడా నిజమే. దయ చూపడం తప్పెలా అవుతుందండీ?" అని ఆమె అడిగినపుడు సద్యఃస్ఫూర్తిగా చెప్పదగిన సమాధానము నాకు తోచలేదు.

దానమును గూర్చి మన శాస్త్రములు చెప్పినది స్వల్పము కాదు. భగవద్గీత పదునేడవ అధ్యాయము, ఇయ్యవలసినదను కర్తవ్యబుద్ధితో, ప్రత్యుపకారము చేయజాలనివానికి, దేశకాలపాత్రము లెఱిగి ఇచ్చు దానమును సాత్త్వికమని వర్ణించినది. మన గృహస్థునకు ఆ లక్షణము చాలవఱకు పట్టుచున్నది. కాని తైత్తిరీయోపనిషత్తులో, విద్య ముగించి ఇంటికి మరలు శిష్యునకు ఆచార్యుడు చేయు అనుశాసనములో, ఇంతకంటె సూక్ష్మమైన మాట యొకటి కలదు. శ్రద్ధతో ఇమ్మని, ఉన్నంతలో సమృద్ధిగా ఇమ్మని చెప్పి, అంతటితో ఆగక, సిగ్గుతో ఇమ్మని, భయముతో ఇమ్మని ఆ ఋషి ఉపదేశించినాడు. తీసికొనువాడు సిగ్గుపడుట లోకమున చూచుచున్నాము, ఇచ్చువాడు సిగ్గుపడనేల? ఇచ్చినది చాలదేమో యను వినయమే ఆ సిగ్గని సామాన్యముగా చెప్పుదురు. నాకు మాత్రము అందు ఇంకను లోతైన భావము కలదని తోచుచున్నది. దానిని చెప్పుటకు ముందు, మన దయకు అడుగున నున్న ఒక నమ్మకమును పరిశీలింపవలసియున్నది.

అంగవైకల్యము పూర్వజన్మ దుష్కృతఫలమను మాట మన ఇండ్లలో ఎంత తేలికగా దొరలునో అందఱకును తెలియును. దయ చూపువాడు సైతము లోలోపల ఈ తీర్పును అంగీకరించియే దయ చూపుచున్నాడు. అయితే కర్మసిద్ధాంతము ఏ ప్రశ్నకు సమాధానముగా పుట్టినది? బ్రహ్మసూత్రముల రెండవ అధ్యాయపు తొలిపాదములో పూర్వపక్షి ఈశ్వరునిపై రెండు అభియోగములు తెచ్చుచున్నాడు: లోకమున ఒకడు సుఖించుచు ఒకడు దుఃఖించుచున్నాడు గనుక సృష్టికర్త పక్షపాతియనియు, నిర్దయుడనియు. దానికి ఉత్తరముగా, ఈశ్వరుడు ప్రాణుల కర్మల నపేక్షించియే సృష్టించుచున్నాడని సూత్రకారుడు చెప్పగా, వాన అన్ని గింజలకును సమానమే గాని మొలకల భేదము గింజలనుబట్టి కలుగునని శంకరాచార్యులు వివరించినారు. అనగా ఆ వాదము భగవంతుని దోషవిముక్తుని చేయుటకు ఏర్పడినది. ప్రక్కయింటివాని గతజన్మపు చిట్టా విప్పి చదువుటకు అది మనకిచ్చిన అధికారపత్రము కాదు. కర్మగతి గహనమని గీత నాలుగవ అధ్యాయము స్పష్టముగా చెప్పుచుండగా, ఒక శిశువు చూపులేక పుట్టిన కారణము తమకు తెలిసినట్లు మాటాడువారు శాస్త్రమును సగమే విన్నవారు.

మహాభారతము వనపర్వమున అష్టావక్రుని కథ ఈ విషయమున నా కెంతయో సాహాయ్యము చేసినది. ఆ బాలుడు ఎనిమిది వంకరలతో పుట్టినది తన పాపమువలన కాదు. గర్భమునుండియే తండ్రి అధ్యయనములోని దోషమును ఎత్తిచూపగా, శిష్యుల నడుమ అవమానము సహింపలేక ఆ తండ్రి కహోడుడు శపించినాడు. తప్పు తండ్రి కోపమునది. భారము కుమారుని దేహమునది. పిమ్మట జనకుని సభలో వంది యను విద్వాంసుని వాదమున జయించి, అతనిచేత ఓడి నీట మునిగిన తండ్రిని ఆ కుమారుడే మరల బ్రదికించుకొన్నాడు. అప్పుడు కహోడుడు అతనిని సమంగానదిలో దిగుమని చెప్పగా అతని అవయవములు తిన్ననైనవి. వాదమున గెలిచినది వంకర దేహముతోనే గనుక దానిని సరిచేయవలసిన అవసరము కవికేల కలిగినదని నేను చిరకాలము అసంతృప్తి చెందియుంటిని. ఇప్పుడు వేఱొక విధముగా తోచుచున్నది. ఆ స్నానము కుమారునికి వచ్చిన వరముగా గాక, తండ్రి తీర్చిన బాకీగా చదువదగును. తాను మోపినదానిని తానే దింపవలసినవాడై, దింపినాడు.

మనము మోపినవి ఏవి? ఇక్కడ స్మృతులనుగూర్చియు నిజము చెప్పవలెను. మనుస్మృతి తొమ్మిదవ అధ్యాయము పుట్టుకతో అంధులైనవారికి, బధిరులకు, మూగలకు, బుద్ధిమాంద్యము గలవారికి తండ్రి ఆస్తిలో భాగము లేదన్నది. వెంటనే వారికి యావజ్జీవము అన్నవస్త్రము లీయవలెనని, ఈయనివాడు పతితుడని శాసించినది. హక్కును తొలగించి దయను విధించుట యన్న ఈ ఏర్పాటే మన మెట్లమీది చిల్లర నాణెమునకు మూలరూపమని నా యభిప్రాయము. మాటల విషయమున కౌటిల్యుడు, ఒంటికంటివానిని కుంటివానిని ఆ మాటతో ఆక్షేపించినవానికి, అది నిజమే యైనను, మూడు పణములు జరిమానా విధించి, వెక్కిరింతగా 'చక్కని కన్నులవాడా' యని పొగడినవానికి పండ్రెండు పణములు వేసినాడు. కపటస్తుతి నిందకంటె నాలుగురెట్లు బరువైన నేరమని గుర్తించిన ఆ బుద్ధి మెచ్చదగినది. ఆస్తిలో భాగము లేమి మాత్రము మితాక్షరయను వారసత్వవిధానమును పాటించు కుటుంబములలో 1928వ సంవత్సరపు చట్టము వచ్చువఱకు న్యాయస్థానములలో సైతము చెల్లుచుండెను. ఆ చట్టమైనను అంధబధిరులను విడిపించి, పుట్టుకతో బుద్ధివైకల్యము గలవారిని వెలుపలనే ఉంచినది. వారికి 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టముతో గాని ద్వారము తెఱవబడలేదు.

2016వ సంవత్సరపు వికలాంగుల హక్కుల చట్టము 21 విధముల వైకల్యములను గుర్తించి, ప్రభుత్వోద్యోగములలో 4 శాతము ప్రత్యేకించినది. అంతకంటె నాకు ముఖ్యముగా తోచినది, తగిన సదుపాయము కల్పింప నిరాకరించుటయే వివక్షయని అందు చెప్పబడుట. గీత ఐదవ అధ్యాయములోని సమదర్శనమునకు దీనికంటె మంచి లౌకికవ్యాఖ్య నేను చూడలేదు. ఆవునందు, ఏనుగునందు, కుక్కయందు పండితుడు సమమునే చూచునని భగవానుడు చెప్పినపుడు, మూడింటికిని ఒకే మేత వేయుమని చెప్పలేదు. చెక్క అచ్చులోని గాడి, పలుకు త్రాసు, ఎఱ్ఱదీపము: ఇవి ఎవరికిని చేసిన ఉపకారములు కావు. కన్నులున్నవారికి దీపములు వేయించుట ఉపకారమని ఎవ్వరైనను అనుకొందురా? ఆ షెడ్డులో రాత్రిపని వచ్చినపుడు విద్యుద్దీపములు కావలసినది చూపుగలవారికే గదా.

ఇంతవఱకు వచ్చి, దానముకంటె వేతనము గొప్పదని తేల్చి ఊరకుండవచ్చును. పెద్దపనివాని ప్రశ్నకు అది సమాధానమగును. కాని ఆ బాలిక నన్ను అచట నిలువనీయలేదు. ఆ సంస్థలో మానసిక వికాసము మందగించిన యువకుడొకడు కలడు. కవర్లపై ముద్ర వేయుట అతని పని. కొన్నినాళ్లు వేయును, కొన్నినాళ్లు ముద్రను చేతబట్టుకొని నవ్వుచు కూర్చుండును. నెల జీతము మాత్రము తక్కినవారితో సమానముగా అందును. సరుకు ఖరీదు కట్టుటకు కూర్చున్న ఈమె, అతడు చేసిన పనికిని పొందిన జీతమునకును గల వ్యత్యాసమును చూచి, "ఇది ఏ పద్దు కింద రాయాలి మాస్టారూ? జీతాలా, విరాళాలా?" అని అడిగినది. విరాళమని వ్రాసినచో, నిన్నటి గృహస్థుని దయకే మరల తలయొగ్గినట్లు. జీతమని వ్రాయుటకు పని యేది? పనియే గౌరవమునకు మూలమన్నచో, పని చేయలేనివాని గౌరవము ఎక్కడిది? 1928వ సంవత్సరపు చట్టము ఎవరిని వెలుపల నిలిపినదో, నా వాదమును వారినే వెలుపల నిలుపుచున్నదని గ్రహించినపుడు నా మనస్సు కలత చెందినది.

శతపథబ్రాహ్మణములో, పుట్టినవాడెల్ల ఋణముగానే పుట్టుచున్నాడని, దేవతలకు, ఋషులకు, పితరులకు మాత్రమే గాక మనుష్యులకును ఋణపడియున్నాడని కలదు. తక్కిన మూడింటిని మనము తఱచు స్మరింతుము, నాలుగవదానిని మఱచితిమి. ఆ మనుష్యఋణమునకు పుచ్చుకొనువాని యోగ్యతతో పని లేదు. అప్పు తీర్చువాడు ఋణదాత కష్టపడి పనిచేయుచున్నాడా యని అడుగడు. ఉపనిషత్తు చెప్పిన సిగ్గు నాకు ఇచ్చట అర్థమైనది. గడువు దాటిన బాకీ చేతబట్టుకొని పోవువానికి కలుగు సిగ్గది. 2011వ సంవత్సరపు జనాభా లెక్కలలో ఈ దేశమున వికలాంగులుగా నమోదైనవారు 2 కోట్ల 68 లక్షలు. వారికి మూయబడిన బడి తలుపులు, ఎక్కలేని కార్యాలయపు మెట్లు, అందని ఉద్యోగములు లెక్కించినచో మన బాకీ ఎన్ని తరములనాటిదో తెలియును. పెద్దపనివానికి రావలసినది, అతడు అమర్చిన కాడలను లాగి చూచి, బాగున్నవనియో బాగులేవనియో చెప్పు ఒక నిజమైన మాట. ముద్ర వేయు యువకునకు రావలసినది, తక్కినవారి నడుమ ఒక చోటు, నెల తిరుగగానే చేతికందు జీతము. రెండును బాకీలే, ఇచ్చినవానికి ఇందు పుణ్యము మిగులదు.

ఆమె దానిని జీతముల పద్దున వ్రాసినది. ఋణమని వ్రాయుటకు ఆ చిట్టాలో వేఱు పద్దు లేకపోయెను. మేనేజరు చూచి సంతకము చేసెను. ఆ మొత్తము అప్పటినుండి ప్రతి సంచి ఖరీదులోను కొన్ని పైసలుగా కలియుచున్నది. కొనువారికిచ్చు రసీదులో దానికి ప్రత్యేకముగా ఒక పంక్తి పెట్టలేదు.