విద్యుత్ మూర్ఛ చికిత్స: తనిఖీ, సమ్మతి, సాక్ష్యం

విద్యుత్ మూర్ఛ చికిత్సకు (ఇ.సి.టి.) జనవ్యవహారంలో ఉన్న పేరు 'కరెంటు షాకు'. 1938లో రోములో చెర్లెట్టి, బీనీలు చేసిన ప్రయోగానికీ, మత్తుమందు, కండరాలను సడలించే మందు ఇచ్చి చేసే నేటి చికిత్సకూ ఉన్న భేదాన్ని ఆ పేరు గుర్తించదు. తీవ్రమైన కుంగుబాటులో, అన్నం ముట్టక బిగుసుకుపోయే స్థితిలో ఇది ప్రాణం నిలపగలదు. ఇవ్వవచ్చునా అన్న ప్రశ్న వైద్యశాస్త్రంలో దాదాపు తేలిపోయింది. ఎట్లా ఇస్తున్నారో ఎవరు చూడాలి, ఎవరి మాట సాక్ష్యం కావాలి అన్న నైతిక ప్రశ్న మాత్రం తేలలేదు.

2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 95వ సెక్షన్, మత్తు, కండర సడలింపు మందులు లేకుండా ఈ చికిత్స ఇవ్వడాన్ని నిషేధించింది. మైనర్లకు ఇవ్వాలంటే సంరక్షకుల సమ్మతితోపాటు బోర్డు ముందస్తు అనుమతి కావాలి. 94వ సెక్షన్ ప్రకారం అత్యవసర చికిత్స పేరుతో దీన్ని వాడరాదు. ఇవన్నీ రిజిస్టరు తిప్పి సరిచూడదగినవి. అటువంటి తనిఖీ విలువ తక్కువది కాదు: బ్రిటన్‌లో పిప్పర్డ్, ఎల్లమ్‌ల 1981 నాటి సర్వే పాతబడిన యంత్రాలనూ, శిక్షణ చాలని వైద్యులనూ బయటపెట్టింది.

రిజిస్టరు చూపలేనిది సమ్మతి. నిజాంసాగర్ మండలంలోని ఒక పల్లె నుంచి ఎర్రగడ్డ ఆసుపత్రికి బయలుదేరే కుటుంబాన్ని ఊహించవచ్చు. తెలంగాణలో 'ఎర్రగడ్డ' అన్న మాటే ఎగతాళిగా స్థిరపడింది. ఆ మాట బరువు మోసుకొచ్చినవారి ముందు అంగీకార పత్రం పెడితే, అది తెలుగులోనే ఉన్నా, వారికి అర్థమయ్యేది చికిత్సా, శిక్షా? వేలిముద్ర రోగిది, నిర్ణయం అన్నదో, భర్తదో కావచ్చు.

అంతకన్నా క్లిష్టమైనది జ్ఞాపకం. ఈ చికిత్స కలిగించే ముఖ్యనష్టం స్మృతికే గనుక, నష్టపోయిన మనిషి సాక్ష్యమే సందేహాస్పదమవుతుంది. 2003లో డయానా రోజ్, ఆమె సహచరులు బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రచురించిన సమీక్షలో కనీసం మూడోవంతు మంది జ్ఞాపకాలు పోయాయన్నారు. వైద్యులు నడిపిన అధ్యయనాలలో కనిపించిన తృప్తి రోగుల ప్రమేయంతో సాగినవాటిలో తగ్గింది. దీన్ని రోగుల అతిశయోక్తి అని కొట్టివేయడం సులభం. అయితే డాక్టరు ఎదుట 'మంచిగనే ఉంది సారూ' అనే మర్యాద తెలిసినవారికి, వైద్యుల లెక్కే ఎక్కువ అనుమానాస్పదంగా తోస్తుంది.

కాబట్టి తనిఖీలో ఒక భాగం ఆసుపత్రి గోడల వెలుపల జరగాలి. చికిత్స ఇచ్చినవారు కాక వేరొకరు, కొన్ని నెలల తరువాత, రోగి ఊళ్లో, రోగి యాసలో అడగాలి. కూతురి పెళ్లి ఏ ఏడు అయిందో, కౌలు ఎవరికిచ్చారో, ఆసుపత్రికి తనను ఎవరు తీసుకుపోయారో గుర్తుందా లేదా అన్నది అక్కడే తెలుస్తుంది.