ఆకురాయి పట్టినవాడి పూచీ

అమలాపురంలో మా ఇంటికి రెండు వీధుల అవతల ఒక మెకానిక్ షెడ్డు ఉండేది. ఇరవై ఏళ్ళ వయసులో ఓ పాత ఆరెక్స్ హండ్రెడ్ కొనుక్కుని అక్కడికి వెళ్ళాను. "బాబాయ్, దీని పికప్ పెంచాలి" అన్నాను. ఆయన బండి వంక చూడలేదు, నా వంక చూశాడు. "ఎందుకురా?" అన్నాడు. ఊరికే నవ్వాను. ఆయన కూడా నవ్వేసి స్పానర్ అందుకున్నాడు.

ఆ బండి సంగతి తెలియనివాళ్ళ కోసం: యమహా ఆరెక్స్ హండ్రెడ్ మన దేశంలో 1985లో వచ్చింది, 1996లో తయారీ ఆగిపోయింది. 98 సీసీ టూ స్ట్రోక్ ఇంజన్, 7500 ఆర్‌పీఎం దగ్గర 11 హార్స్‌పవర్. బండి తేలిక, కాబట్టి ఆ పదకొండే ఎక్కువ. అయినా మాకు చాలలేదు.

బాబాయ్ సిలిండర్ విప్పి, సన్నటి ఆకురాయితో ఎగ్జాస్ట్ పోర్టు పై అంచుని కొంచెం కొంచెంగా అరగదీశాడు. హెడ్డుని లేత్ మీద గీయించాడు. కార్బొరేటర్‌లో పెద్ద జెట్ వేశాడు. బండిని ఓసారి తిప్పుకొచ్చి, ప్లగ్ విప్పి రంగు చూశాడు. తెల్లగా ఉంటే పెట్రోలు చాలట్లేదు, బోరు పట్టేస్తుంది. నల్లగా ఉంటే ఎక్కువైంది. లేత గోధుమ రంగు వచ్చేదాకా మూడు రోజులు పట్టింది.

ఆ మూడు రోజుల్లో ఆయన చెప్పిన ఒక మాట అప్పుడు సగమే అర్థమైంది. "పవర్ ఎక్కణ్ణించో ఊడిపడదురా. ఒకచోట తీసి ఇంకోచోట పెడతాం, అంతే." నిజమే. పోర్టు ఎత్తు పెంచితే పైన ఈలవేసుకుంటూ పోయే బండి, కింద గేర్లలో నీరసిస్తుంది. ఇంజన్ ఆయుష్షు తగ్గుతుంది. పెట్రోలు ఎక్కువ తాగుతుంది. రాత్రి పదింటికి ఆ సైలెన్సర్ చప్పుడుకి పక్కింటి పసిపిల్ల నిద్ర పోతుంది. మనకి పెరిగిన ప్రతి దానికీ ఇంకెక్కడో తరుగుదల ఉంటుంది.

ఆ తరుగుదల ఎవరిదో నాకు ఓ సాయంత్రం తెలిసింది. మా పిన్ని కొడుకు బండి అడిగితే తాళం ఇచ్చాను. కాలవ గట్టు మీద రోడ్డు, ఒక పక్క నీళ్ళు, ఒక పక్క ఇళ్ళు. మలుపులో సైకిల్ మీద వస్తున్న ఒక పెద్దాయన్ని గుద్దాడు. ఆయన కొబ్బరి దింపు కార్మికుడు. కాలు విరిగింది. నడిచాడు గానీ, మళ్ళీ చెట్టెక్కలేదు.

"బ్రేకు పట్టలేదన్నయ్యా" అన్నాడు తమ్ముడు. "వాడు స్పీడుగా వెళ్ళాడు" అన్నాను నేను ఇంట్లో. ఇద్దరం నిజమే చెప్పాం, ఇద్దరం తప్పించుకున్నాం. ఆసుపత్రికి వచ్చిన బాబాయ్ మాత్రం వరండాలో నాతో అన్నాడు: "పవర్ అడిగావు, ఇచ్చాను. బ్రేకు సంగతి నువ్వు అడగలేదు, నీకు తెలీదు. నాకు తెలుసు, నేనూ చెప్పలేదు."

కత్తి చేసిన కమ్మరికి హత్యలో వాటా ఉందా అని మనం తరచూ వాదించుకుంటాం. లేదనే అంటాం, ఎందుకంటే కత్తి కూరగాయలూ కోస్తుంది. ఇక్కడ ఆ పోలిక సరిపోదనిపిస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో వెళ్ళే బండి 85కి చేరితే, ఆపడానికి కావలసిన దూరం దాదాపు రెట్టింపవుతుంది. వెనకా ముందూ అవే పాత డ్రమ్ బ్రేకులు. ఈ లెక్క నడిపే కుర్రాడికి తెలియదు. ఆకురాయి పట్టినవాడికి తెలుసు. పూచీ ఎవరిదన్నప్పుడు, ఎవరు గుద్దారన్నదానితో పాటు ఎవరికి ఎంత తెలుసన్నది కూడా అడగాలి.

చట్టం అంత దూరం వెళ్ళదు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిని ఇష్టమొచ్చినట్టు మార్చకూడదు. 2019 సవరణ తర్వాత, అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకీ 5000 రూపాయల జరిమానా, లేదా రెండూ. ఆ లెక్కన దోషిని నేనే. కాదనను. కానీ చట్టం ఒకరి పేరు రాసుకుంటే మిగతావాళ్ళ పూచీ తీరిపోదు.

పైగా ఈ విద్య ఎవరి చేతిలోనూ ఆగదు. టూ స్ట్రోక్ పొగగొట్టంలో వెనక్కి తిరిగొచ్చే అలతో, బయటికి పోబోతున్న పెట్రోలు గాలిని మళ్ళీ సిలిండర్‌లోకి నెట్టే పద్ధతికి పదును పెట్టినవాడు తూర్పు జర్మనీ ఇంజనీరు వాల్టర్ కాడెన్. 1961లో ఆయన రేసర్ ఎర్నస్ట్ డెగ్నర్ స్వీడన్ రేసు నుంచి పశ్చిమానికి పారిపోయి, ఆ రహస్యాలతో సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీ ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ తెలివే చేతులు మారి మారి మా రేకుల షెడ్డు దాకా వచ్చింది. తెలివి చేతులు మారినంత తేలిగ్గా దాన్ని ఎక్కడ ఆపాలన్న జ్ఞానం మారదు.

అలాగని ట్యూనింగే పాపం అనలేను. ఆ ఇంజన్ పాట పాడినప్పుడు ఒళ్ళు పులకరించింది, అది అబద్ధం కాదు. అమెరికాలో హాట్ రాడ్ కుర్రాళ్ళు వీధుల్లో పందేలు కాస్తుంటే, 1951లో వాలీ పార్క్స్ నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ పెట్టి, ఆ పరుగుకి వేరే చోటు చూపించాడు. ఉత్సాహాన్ని తిట్టకుండా, దాని దారిలో మూడో మనిషి లేకుండా చేశాడు. మా గట్టు మీద ఎప్పుడూ మూడో మనిషి ఉంటాడు.

ఆసుపత్రి బిల్లు మేమే కట్టాం. ఆయన తీసుకున్నాడు, ఏమీ అనలేదు. చెట్టెక్కి దింపే పనికి బదులు ఏమిచ్చామో మాత్రం ఈ రోజుకీ లెక్క తేలలేదు.

బాబాయ్ ఇప్పుడు పెద్దవాడయ్యాడు. ఎవరైనా పికప్ పెంచమని వస్తే ముందు చక్రాలు విప్పి బ్రేకు షూలు చూస్తాడు. అవి మార్చుకోనంటే బండి ముట్టుకోడు. అంతకంటే ముందు మాత్రం అదే ప్రశ్న: "ఎందుకురా?" ఇప్పుడు నవ్వి ఊరుకోనివ్వడు. జవాబు వచ్చేదాకా స్పానర్ అందుకోడు.