నోటికాడి కూడు

సాయంత్రం దీపాలు పెట్టే వేళకు ఆఫీసుకి బయల్దేరే పిల్లలున్న ఇళ్ళు హైదరాబాదులో ఇప్పుడు చాలా వున్నాయి. అమెరికాలో అప్పుడు తెల్లవారుతుంది మరి! నిద్ర చాలదనీ, వేళకు తిండి లేదనీ తల్లులు దిగులు పడతారు. ఒకటో తారీఖు రాగానే ఆ దిగులు కాస్త తగ్గుతుంది. సహజమే. కానీ నాకొక సందేహం. ఈ వుద్యోగం మన ఇంటికి రాకముందు ఎవరింట్లో వుండేది?

అన్నీ ఎవరి దగ్గరనుంచో వచ్చినవి కావు. కొత్తగా పుట్టినవీ వున్నాయి. కానీ అక్కడ ఓ నడివయసు ఇల్లాలు పదిహేనేళ్ళుగా చేస్తున్న పని కూడా వాటిల్లో వుండచ్చు. కొందరైతే పోతూ పోతూ తమ పని కొత్తవాళ్ళకి నేర్పి మరీ వెళ్ళాల్సి వచ్చింది. ఆ ఇళ్ళలోనూ ఫీజులుంటాయి, అప్పుల వాయిదాలుంటాయి కదా!

అర్థశాస్త్రం దీనికి ఏనాడో జవాబు చెప్పింది. 1817లో డేవిడ్ రికార్డో అన్నదాన్ని మన ఇంటి భాషలో చెప్పుకుంటే ఇంతే: జాకెట్టు నేనే కుట్టుకోగలను. అయినా పక్కింటావిడకిచ్చి, ఆ పూట నాకు ఇంకా బాగా వచ్చిన పని చేసుకుంటే ఇద్దరికీ లాభం. దేశాలూ అంతే. 2004లో అమెరికా అధ్యక్షుడు బుష్‌కి ఆర్థిక సలహాదారుగా వున్న మాంకివ్, పనులు పైదేశాలకు పంపడం కూడా ఒకరకం వ్యాపారమే, చివరికి దేశానికి మేలే అన్నాడు. అంతే, సొంత పార్టీవాళ్ళే ఆయన మీద విరుచుకుపడ్డారు.

లెక్క తప్పా? కాదు. లాభం కోట్లమందికి తలా పిసరంత అందుతుంది. నష్టం మాత్రం ఒక ఇంటిమీదే మొత్తంగా పడుతుంది. లాభపడ్డవాళ్ళకి అది గుర్తు కూడా వుండదు. నష్టపోయినవాళ్ళు ఓటు వేసేటప్పుడు కూడా మరిచిపోరు. 2000 నుంచి 2010 లోపల అమెరికా ఫ్యాక్టరీల్లో వుద్యోగాలు సుమారు 1 కోటి 70 లక్షలనుంచి 1 కోటి 20 లక్షల లోపుకి పడిపోయాయి. కారణాల్లో యంత్రాలున్నాయి, మాంద్యం వుంది, చైనా సరుకూ వుంది. 2016లో మిచిగన్, పెన్సిల్వేనియా, విస్కాన్సిన్ లాంటి ఫ్యాక్టరీల రాష్ట్రాల్లో ట్రంప్ గెలవడానికి ఆ బాధ కూడా ఒక కారణం.

ఈ బాధ కొత్తదేం కాదు. మన తీరం నుంచి వెళ్ళిన అద్దకం బట్టలమీద ఒకప్పుడు ఇంగ్లండు ఆడవాళ్ళు మోజుపడ్డారు. అక్కడి నేతగాళ్ళ పొట్ట మాడింది. 1719లో లండన్ వీధుల్లో వాళ్ళు ఆ బట్టలు కట్టుకున్న ఆడవాళ్ళ మీదపడి గౌన్లు చింపేశారు. 1721లో ఆ బట్టలు కట్టడమే నేరమంటూ చట్టం వచ్చింది. ఆ తర్వాతి శతాబ్దంలో మాంచెస్టర్ మిల్లుబట్ట వచ్చి మన మగ్గాల నోరు కొట్టింది. మన సాలీల గోడు వినడానికి చట్టం చేసేవాడే లేడు.

అందుకే ఇందులో దొంగెవరూ లేరంటాను నేను. మన పిల్లలు దొంగలు కారు, తక్కువ ధరకి కొనుక్కునే గృహిణీ దొంగ కాదు. కానీ లాభపడ్డవాడికి బాకీ వుంది. ఈ సంగతి అమెరికాకు తెలుసు. విదేశీ పోటీవల్ల పని పోయినవాళ్ళకి భృతి ఇచ్చి, కొత్త పని నేర్పించే చట్టం 1962లోనే చేసింది. అయితే ఆఫీసు పనివాళ్ళని అందులో చేర్చుకోవడానికి 2009 దాకా ఆగింది. 2022 జూలై నుంచి కొత్తవాళ్ళని తీసుకోవడమే మానేసింది. అంటే లాభం మనందరిదీ, నష్టం నీ ఖర్మ అన్నట్టేగా?

రేపు మనవంతు రాదని ఏముంది? ఫోను జవాబుల పని కొంత ఇప్పటికే ఫిలిప్పీన్సుకి తరలిపోయింది. మిగతాదాన్లో కొంత యంత్రం నేర్చుకుంటోంది. పని పోయిన ఇంటికి మళ్ళీ పని దొరికేదాకా ఆసరా వుండాలనే మాట, పని చేతిలో వున్నప్పుడే మనం అడగాలి. పోయాక అడిగితే దాన్ని ఏడుపంటారు గాని, న్యాయమనరు. ఏమంటారు?