నామరూపాలు

మొన్న మహాలయ అమావాస్య నాడు మా ఊరి కాలువ రేవులో తర్పణం వదిలాను. ఉంగరపు వేలికి దర్భ పవిత్రం, అరచేతిలో నువ్వులు, నీళ్లు. పంతులుగారు చెప్పించారు: నాన్న వసురూపం, తాత రుద్రరూపం, ముత్తాత ఆదిత్యరూపం. ముగ్గురికీ గోత్రం, పేరు. గట్టు మీద కూర్చున్న మావాడు ఉండబట్టలేక, "మరి ముత్తాతగారి నాన్న పేరేంటి?" అన్నాడు. నాకు తెలియదు. పంతులుగారు నవ్వి, "ఆయనకిక పేరుతో పని లేదు బాబూ" అన్నారు.

ఆ మాట రాత్రి దాకా ముల్లులా గుచ్చుతూనే ఉంది. తెలుగులో ఎవరైనా నామరూపాలు లేకుండా పోవాలంటే అది శాపం. మనవాడి పేరు మనమే మరిచిపోతే?

అమావాస్య చీకటి కదా, ఆరంగుళాల టెలిస్కోప్‌ డాబా మీద పెట్టాను. అభిజిత్ నక్షత్రానికి దగ్గర్లో రెండు చిన్న చుక్కలు, వాటి నడుమ రింగ్ నెబ్యులా. ఐపీస్‌లో చూస్తే పొద్దున నా వేలికున్న పవిత్రంలా సన్నటి పొగచుట్ట. దూరం సుమారు 2,500 కాంతి సంవత్సరాలు.

"ఇది గ్రహమా నాన్నా?"

వాడి తప్పేం లేదు. వీటి పేరే ప్లానెటరీ నెబ్యులా. యురేనస్‌ను కనిపెట్టిన విలియం హెర్షెల్, దాని బిళ్లలాగే మసకగా ఉన్నాయని 1780లలో ఆ పేరు పెట్టాడు. గ్రహాలతో వీటికి ఏ సంబంధమూ లేదు. అయినా పేరు నిలిచిపోయింది.

ఇంకో పేరు కథ మరీ విచిత్రం. 1864లో విలియం హగ్గిన్స్ ఇలాంటి నెబ్యులా వెలుగును పట్టకంతో విడదీసి చూస్తే, భూమ్మీద ఎవరూ చూడని ఆకుపచ్చ గీత కనిపించింది. ఏదో కొత్త మూలకమనుకుని దానికి తర్వాత 'నెబ్యులియం' అని పేరు పెట్టారు. ఆ మూలకం దశాబ్దాల పాటు పేరుతోనే బతికింది. 1927లో ఐరా బోవెన్ తేల్చాడు: అది ఆక్సిజనే. అత్యంత పలచటి వాయువులో, రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్ అలా వెలుగుతుంది. పేరు పోయింది, ఉన్నది ఉన్నట్టే ఉంది.

ఇక రూపం. సూర్యుడి లాంటి నక్షత్రం ముసలితనంలో ఉబ్బి, పై పొరలను మెల్లగా వదిలేస్తుంది. లోపలి గర్భం బయటపడి లక్ష డిగ్రీలకు పైబడిన వేడితో అతినీలలోహిత కాంతి చిమ్ముతుంది, ఆ కాంతికే వదిలిన వాయువు మెరుస్తుంది. ఉంగరమన్నది మన చూపు. నిజానికది పీపాలాంటి ఆకారం, మనం మూతివైపు నుంచి చూస్తున్నాం. ఇలాంటి వాటిలో గుండ్రటివి తక్కువ. కోలగానో, సీతాకోకచిలుకల్లానో వంకర్లు పోయేవే ఎక్కువ. చాలా వాటిలో ఆ వంకరకు కారణం పక్కన తిరిగే తోడు నక్షత్రమంటారు. ఎవరితో కలిసి బతికిందో ఆ గుర్తు పోయేటప్పుడు ఒంటి మీద తేలుతుందన్నమాట.

ఆ రూపమూ ఎన్నాళ్లు? ఓ పదివేల ఏళ్లు, కాస్త అటూ ఇటూ. తర్వాత వాయువు పలచబడి, వెలుగు మాసి, చుక్కల మధ్య చీకట్లో కలిసిపోతుంది. అందులోని కార్బన్, నైట్రోజన్ మరో నక్షత్రానికో, దాని చుట్టూ పుట్టే నేలకో ముడిసరుకు. అది పనికొచ్చేది కూడా కనుమరుగయ్యాకే.

మనమంతా నక్షత్ర ధూళి అని మురిసిపోవడం నాకు చేతకాదు. కార్బన్‌కు జ్ఞాపకం ఉండదు. నాన్న తువ్వాలు నాలుగు మడతలు పెట్టి భుజాన వేసుకునే తీరు ఏ అణువులోనూ లేదు, నాలో ఉంది. నదులు నామరూపాలు వదిలి సముద్రంలో కలుస్తాయని ముండకోపనిషత్తు చెప్పేది నదికి ఊరట కావచ్చు, రేవులో కూర్చున్నవాడికి కాదు.

అయితే ఆబ్దికంలో ఒక చిన్న పని ఉంది. పిండాలు పెట్టాక చేతికంటిన మెతుకులను దర్భలకు తుడుస్తారు. అది నాలుగో తరం నుంచి పైవాళ్లకు. పేరు పిలవరు, మరిచిపోరు. ఇన్నేళ్లూ చెయ్యి శుభ్రం చేసుకోవడమే అనుకున్నాను.

"నాన్నా, జరిగిపోయింది" అన్నాడు వాడు. భూమి తిరుగుతోంది కదా, ఉంగరం ఐపీస్‌ అంచు దాటింది. గొట్టం కాస్త జరిపి మళ్లీ పట్టిచ్చాను. వాడు చూస్తుంటే లెక్క వేశాను. నా నోట నాన్న వసువు. వీడి నోట రుద్రుడు. వీడి కొడుకు నోట ఆదిత్యుడు. ఆ తర్వాత చేతికంటిన మెతుకు.